నత్తి లేని గొంతు

చచ్చిపోయిన తమ్ముడి గొంతు బుధుకి పట్టపగలే వినబడింది. బయట ఆషాఢం వాన పడుతోంది. కడుపులో పుట్టగొడుగుల కూర ఉంది.

తమ్ముడి పేరు సోంబరు. ఆ ఏడు, అంటే తొంభై ఎనిమిదిలో, వేసవి మొదట్లో జీలుగు చెట్టు మీంచి పడి పోయాడు. నేరేడుపుట్టు ఊరి వెనక వాగు ఒడ్డున ఉన్న ఆ చెట్టు సోంబరుకీ పోతురాజుకీ ఉమ్మడిది. ఒకరోజు ఇతను కల్లు దించితే మర్నాడు అతను దించేవాడు. ఎక్కడానికి ఒక నిలువు వెదురుని మానుకి ఆనించి, అక్కడక్కడ అడ్డతీగతో బిగించి కట్టి ఉంచేవాళ్లు. ఆ రోజు సోంబరు సగం పైకి వెళ్లాక పై కట్టు ఊడిపోయింది. వెదురూ మనిషీ కలిసి రాళ్ల మీద పడ్డారు. డోలీ కట్టి ముంచింగిపుట్టు మోసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

ఆ కట్టు చివరిసారి కట్టినవాడు పోతురాజు.

పోతురాజు పరాయివాడేమీ కాదు, బుధు భార్య యర్రమ్మకి సొంత అన్న. బుధూ అతనూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటూ, ఒకే ఆనపబుర్రలోంచి కల్లు తాగుతూ పెరిగిన మనుషులు. డోలీకి ముందు భుజం పట్టింది అతనే, గొయ్యి తవ్వింది అతనే. అయినా ఒక్క సంగతి బుధుకి మింగుడు పడలేదు. శవాన్ని వెనక్కి తెచ్చిన సాయంత్రమే పోతురాజు ఒంటరిగా వాగు దగ్గరికి వెళ్లి, ఊడిపడిన తీగముక్కలన్నీ పోగుచేసి కాల్చేశాడు. అది తెగిందో, కుళ్లిందో, ముడి జారిందో చూద్దామంటే బూడిద తప్ప ఏమీ మిగల్లేదు.

"మనిసిని సంపిన తీగని ఎవులు ఇంట్లో దాసుకుంటారు?" అన్నాడు పోతురాజు, అడిగినవాళ్లతో.

ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. ఊళ్లో ఎవరైనా అదే పని చేసేవాళ్లు. అయినా మర్నాడు బుధు వెళ్లి ఆ బూడిదని కాలి బొటనవేలితో చాలాసేపు కెలికి చూశాడు. వానలు పడ్డాయి, దున్నకాలు మొదలయ్యాయి, ఆ సంగతి అలాగే లోపల ఉండిపోయింది.

ఆ రోజు యర్రమ్మ సంతకి వెళ్లింది. బుధు మడి దున్ని, వానలో తడిసి ఇంటికొస్తూ, గేదెల దొడ్డి అవతల గడ్డిలో లేచిన పుట్టగొడుగులు కనబడితే తలగుడ్డ విప్పి మూటగట్టాడు. పుట్టగొడుగులు ఏరేది ఎప్పుడూ ఆడవాళ్లే. ఏది తినేదో ఏది కాదో వాళ్లే చూసుకుంటారు. ఆకలి మీదున్న బుధు అంత చూడలేదు. కొన్నిటి కాడలు గిల్లిన చోట సిరా పూసినట్టు నీలంగా మారాయి. కడిగితే పోతుందనుకున్నాడు. ఉప్పూ మిరపకాయలూ వేసి ఉడికించి, పొద్దుటి రాగి అంబలితో తిన్నాడు.

కాసేపటికి చేతులు చల్లబడ్డాయి. గోడకి ఆనుకుని కూచుంటే ఆ మట్టిగోడ నిద్రపోతున్న ఎద్దు డొక్కలాగా మెల్లగా పైకీ కిందికీ కదిలింది. చూరు మీద వాన చప్పుడు చినుకు చినుకుగా విడిపోయి, ఒక్కో చినుకూ ఒక్కో చోట వినబడసాగింది. బుధుకి నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది. అప్పుడు పిలిచారెవరో.

"అన్నా."

చెవులతో విన్న మాట కాదది. తలకాయ వెనక, లోపల ఎక్కడో పుట్టిన మాట. కానీ గొంతు సోంబరుదే. ఆ గరుకు, ఆ ముక్కుతో పలికే తీరు, అంతా వాడే. ఒక్కటే తేడా. సోంబరుకి పుట్టు నత్తి. "అన్నా" అనడానికి "అ... అ... అ..." అంటూ దవడ బిగబట్టి, కళ్లు గట్టిగా మూసి, చివరికి ఎలాగో బయటికి తోసేవాడు. చిన్నప్పుడు వాడి మాట పూర్తయ్యేదాకా ఆగలేక బుధే పూర్తిచేసేవాడు. ఇప్పుడు మాట నీళ్లలా వచ్చింది. బుధు ఒళ్లంతా పులకరించింది. చచ్చాక వాడికి నత్తి వదిలిపోయిందన్న మాట!

"ఎలగ పడ్డావురా?" అని అడిగాడు.

"పడలేదన్నా. కట్టు పోతురాజు కోసినాడు."

తర్వాత ఆ గొంతు చాలా చెప్పింది. చెట్టు తనొక్కడికే కావాలని కోశాడని, అందుకే తీగ కాల్చేశాడని. చెప్పినదల్లా బుధుకి కళ్లముందు కనబడింది. కత్తి కనబడింది, తీగ మీద పడుతున్న గాటు కనబడింది, పోతురాజు వెనక్కి తిరిగి చూడటం కనబడింది.

మళ్లీ గోడ గోడలా నిలబడేసరికి సాయంత్రమైంది. ఇంట్లో జనం ఉన్నారు. వాకిట్లో తడుస్తూ ఇంకొందరున్నారు. పక్కింట్లో ఉండే తమ్ముడి భార్య సత్యకుమారి పొయ్యి దగ్గర మోకాళ్లు ముడుచుకుని కూచుంది. సంత నుంచి వచ్చిన యర్రమ్మ గంప దించకుండా తలుపు దగ్గరే నిలబడి ఉంది. అందరూ అతన్నే చూస్తున్నారు.

"ఏటయింది? అందరూ ఎందుకొచ్చినారు?" అన్నాడు బుధు. విన్నదంతా తనలోనే ఉందని అతని నమ్మకం. ఎవరికి ఎప్పుడు ఎలా చెప్పాలో ఆలోచించుకోవాలనుకుంటున్నాడు.

"ఏటయిందా? ఊరంతా ఇన్నాది. పోతురాజు కట్టు కోసినాడు, పోతురాజు కట్టు కోసినాడు అని అరిసినావు. వాగు కాడికి ఇనబడ్డాది నీ కేక," అంది యర్రమ్మ.

బుధుకి తను నోరు తెరిచినట్టే గుర్తులేదు.

మర్నాటి నుంచి ఊరు మారిపోయింది. చచ్చినవాడు వచ్చి సొంత అన్నకి చెప్పుకున్న మాట అది. పుట్టగొడుగుల మైకం అన్నవాళ్లు లేకపోలేదు. "మైకంలోనే గదా సచ్చినోల్లు వొచ్చేది! ఒళ్లు తెలిసినోడి కాడికి ఎందుకొత్తారు?" అన్నవాళ్లే ఎక్కువ. ఎవరికి వాళ్లకి ఏదో ఒకటి గుర్తొచ్చింది. సోంబరు పడ్డ రోజు పొద్దున్న పోతురాజు వాగువైపు నుంచి రావడం చూశానన్నారొకరు. కల్లు కుండ విషయంలో ఇద్దరికీ ఎప్పుడో మాటామాటా వచ్చిందన్నారు మరొకరు. పోతురాజు బావి దగ్గరికి వస్తే మాటలాగిపోయేవి. అతని భార్య నీళ్లకి వస్తే ఆడవాళ్లు కుండలు చంకనెత్తుకుని తోవ ఇచ్చేవాళ్లు, అవసరానికి మించి.

బుధు కూడా చూడటం మొదలుపెట్టాడు. ఇన్నాళ్లూ పక్కనే తిరిగిన మనిషిని కొత్తగా చూశాడు. సోంబరు పోయినప్పట్నుంచి పోతురాజు సత్యకుమారి ఇంటికి రాగులో సామలో తెచ్చి ఇస్తూనే ఉన్నాడు. అది బంధువుగా చేస్తున్న పనే అనుకున్నాడు ఇదివరకు. ఇప్పుడు ఎందుకు తెస్తున్నాడా అని ఆలోచించాడు. పోతురాజు నవ్వితే ఎందుకు నవ్వాడా అనుకున్నాడు. తల దించుకుంటే ఎందుకు దించుకున్నాడా అనుకున్నాడు. చేతిలో కత్తి ఉంటే ఆ అంచు వైపే చూసేవాడు. ఏం చేసినా ఆ గొంతు చెప్పినదానికే సరిపోయేది.

ఇంట్లో యర్రమ్మ అన్నం పెట్టేది, పక్కకి జరిగిపోయేది.

ఒకరోజు రాగి మడిలో ఉండగా పోతురాజే గట్టు దిగి వచ్చాడు. వాన వెలిసింది. ఇద్దరి కాళ్లూ బురదలో ఉన్నాయి.

"బావా, నా మొకం సూసి మాటాడు. నాను కోసినానా?"

"సోంబరు సెప్పినాడు."

"సోంబరు సంగతి కాదు. నువ్వేటనుకుంతన్నావు?"

బుధు ఎద్దుల వైపు చూశాడు. "నాకేటి తెలుసు బావా. తీగ కాల్సేసినావు గదా. ఉంటే సూద్దుము."

పోతురాజు గట్టెక్కి వెళ్లిపోయాడు. ఆ వెళ్లిపోవడం కూడా బుధుకి అనుమానంగానే తోచింది. తప్పు చెయ్యనివాడైతే కలబడడా?

ఊరి పెద్ద నాయుడు అందరినీ కూర్చోబెట్టి తేలుస్తానన్నాడు. ముసలివాడు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. వచ్చే సంత అయిన మర్నాడు అనుకున్నారు. ఈలోపల ఎవరూ పోతురాజు మీద చెయ్యెత్తకూడదన్నాడు. అలా అన్నాడంటేనే చెయ్యెత్తుదామనుకున్నవాళ్లు ఉన్నారని అర్థం. పోతురాజు భార్య పిల్లల్ని తీసుకుని పాడువా వైపు పుట్టింటికి పోయింది.

అప్పుడు వచ్చింది సత్యకుమారి. ఆమెది లోయ కిందున్న క్రైస్తవుల ఊరు. తక్కువ మాట్లాడే పిల్ల. సోంబరుతో ఉన్నన్నాళ్లూ అతను మాట కోసం పెనుగులాడుతుంటే తొందరపెట్టకుండా ఎదురుచూసేది. ఊళ్లో అలా ఎదురుచూసే మనిషి ఆమె ఒక్కతే. వాకిట్లో నిలబడి అడిగింది.

"బావా, ఆయన నీతోటి మాటాడినాడా నిజంగా?"

"మాటాడినాడు సత్తే."

"నాతోటి ఎందుకు మాటాడలేదు?"

బుధు కాళ్ల బురద రాయికేసి రుద్దుకున్నాడు.

"ఎలగ మాటాడినాడు? నత్తి వొచ్చిందా?"

"నేదు. శుబ్బరంగా మాటాడినాడు. సచ్చినాక వొదిలిపోయినట్టుంది."

ఆమె ముఖం అదోలా అయింది. సంతోషమో కాదో బుధుకి అర్థం కాలేదు. "నత్తి నేకుండా ఆయనెవులో నాకు తెలీదు," అంది. తర్వాత అంది, "మళ్లీ పిలు. నాను పక్కన కూకుంతాను. నానడిగింది అడుగు."

"మళ్లీనా?"

"ఆ పుట్టగొడుగులింకా ఉన్నాయి దొడ్డి కాడ. సూసినాను."

బుధుకి భయం వేసింది. ఒక్క మనిషి పేరు చెప్పి ఊరిని రెండు చేసిన గొంతు అది. ఈసారి ఏం చెబుతుందో! కానీ ఆశ కూడా వేసింది. సాక్షి ఉంటే పోతురాజు సంగతి పదిమందిలో తేలిపోతుంది. తమ్ముణ్ని ఇంకోసారి వినొచ్చు కూడా. సరేనన్నాడు. యర్రమ్మకి చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న పొలం పాకలో కూచున్నారు. పాక మూడువైపులా తెరిచి ఉంటుంది. కింద మడుల్లో నీళ్లు, అవతల కొండ మీద మబ్బు. ఈసారి నీలం తిరిగే కాడలున్నవే ఏరి, ముందటికన్నా తక్కువ తిన్నాడు. సత్యకుమారి ముంతతో నీళ్లు పెట్టుకుని దూరంగా కూచుంది.

కాసేపటికి మడి నీళ్ల మీద వెలుగు ముక్కలు ముక్కలై తేలింది. కొండ మబ్బుని మింగుతూ, కక్కుతూ ఉంది. బుధు కళ్లు మూసుకున్నాడు. ఎక్కువసేపు ఆగనక్కర్లేకపోయింది.

"అన్నా," అంది గొంతు.

"వొచ్చినాడు," అన్నాడు బుధు పైకి.

సత్యకుమారి గొంతు ఎక్కడో బావి పైనుంచి వచ్చినట్టు వినబడింది. "అడుగు. ఎవులూ నేనప్పుడు నన్నేటని పిలిసేవోడో అడుగు."

బుధు అడిగాడు. లోపల అంతా ఆగిపోయింది. చీకట్లో ఎవరో తడుముకుంటున్నట్టు అనిపించింది. తర్వాత గొంతు చెప్పింది.

"సత్య."

"సత్య అన్నాడు," అన్నాడు బుధు.

"మళ్లీ అడుగు," అంది ఆమె. బుధు మళ్లీ అడిగాడు. "సత్యకుమారి," అంది గొంతు ఈసారి. "సత్తి" అంది. "సత్తెమ్మ" అంది. బుధు ఆమెని ఏయే పేర్లతో పిలుస్తాడో, ఊళ్లో ఎవరెవరు ఏమని పిలుస్తారో అవన్నీ చెప్పింది. ప్రతిసారీ అదే ధీమాతో, అంతకుముందు చెప్పింది చెప్పనట్టే.

బుధుకి అప్పుడు మొదటిసారి ఆ గొంతు మీదే అనుమానం వచ్చింది.

"కట్టు ఎవులు కోసినారు?" అని అడిగాడు.

"పోతురాజు."

పాకలో కూచుని ఉన్నది సత్యకుమారి కదా అని గుర్తొచ్చింది. ఆ గుర్తు రావడమే ఆలస్యం, "సత్య కోసింది," అంది గొంతు. ఆమె కొడవలి పట్టుకుని చెట్టు కింద నిలబడటం కళ్లకి కట్టినట్టు కనబడింది. మొన్న పోతురాజు కనబడినంత స్పష్టంగా కనబడింది. ఛీ, అనుకున్నాడు. అంతలో ఇంట్లో తనకి అన్నం పెట్టి పక్కకి జరిగిపోయే మనిషి గుర్తొచ్చింది. "యర్రమ్మ కోసింది," అంది గొంతు. "అన్నకి చెట్టు ఇప్పిద్దామని కోసింది." కారణం కూడా తయారుగా ఉంది. నాయుణ్ని తలుచుకున్నాడు. నాయుడు కోశాడు. ఎప్పుడో చచ్చిపోయిన తండ్రిని తలుచుకున్నాడు. తండ్రి కోశాడు. అన్నీ తమ్ముడి గొంతుతోనే, ఆ గరుకుతోనే, ఎక్కడా తడబాటు లేకుండా.

ఆఖరికి ఆపుకోలేక, "నానా?" అనుకున్నాడు.

"నువ్వే," అంది గొంతు.

బుధు పాకలోంచి దొర్లి బురదలో పడ్డాడు. సత్యకుమారి వచ్చి రెక్క పట్టుకుని లేపి, గుంజకి ఆనించి కూచోబెట్టింది. నీళ్లు పట్టింది. మబ్బు మామూలు మబ్బయ్యేదాకా అక్కడే ఉంది.

"నానేటన్నాను పైకి?" అని అడిగాడు బుధు, నాలుక తిరిగాక.

"అందరి పేర్లూ అన్నావు. నా పేరు కూడా."

"నీ పేరు... మరి ఆ పిలుపు ఏది సత్తే? ఏటని పిలిసేవోడు?"

ఆమె ముంతలో మిగిలిన నీళ్లు పారబోసింది. "ఆయన నోటికి స రాదు బావా. పెళ్లయిన కాడ్నించి ఒక్కసారి కూడా నన్ను సత్య అని పిలవనేదు. పిలవలేక ఇంకోటి పెట్టుకున్నాడు. అది నీకెందుకు?" అంది. కళ్లు తుడుచుకుంది. "ఆయన రానేదు. మొన్న కూడా రానేదు. మొన్న మేమిన్నది నీ గొంతే."

సంత అయిన మర్నాడు ఊరంతా రచ్చరాళ్ల దగ్గర కూచుంది. సన్నటి తుప్పర పడుతున్నా ఎవరూ కదల్లేదు. పోతురాజు ఒక్కడే ఒక రాయి మీద, అతని చుట్టూ ఇద్దరు మనుషులు పట్టేంత ఖాళీ. యర్రమ్మ ఆడవాళ్ల వెనక నిలబడింది. నాయుడు బుధు వైపు చూసి, "సెప్పు. నీ తమ్ముడు నీకు సెప్పింది పదిమందిలో సెప్పు," అన్నాడు.

బుధు లేచాడు.

"మా తమ్ముడు రానేదు," అన్నాడు.

గుసగుసలు లేచాయి. "మరి ఇన్నానన్నావు?" అని ఎవరో అరిచారు.

"ఇన్నాను. ఇన్నమాట అబద్దం కాదు. గానీ అది సోంబరు కాదు. మళ్లీ తిని సూసినాను. ఎవుల్ని తలుసుకుంటే ఆల పేరు సెప్పింది. సత్య పేరు సెప్పింది, నాయుడి పేరు సెప్పింది, నా పేరే సెప్పింది. సోంబరుకి తెలిసిన మాటొకటి అడిగితే దానికి తెలీదు. నాకు తెలిసిందే దానికి తెలుసు." సత్యకుమారి వైపు చూశాడు. ఆమె తలూపింది. "పోతురాజు కోసినట్టు నాను సూడనేదు. ఎవులూ సూడనేదు. తీగ పాతది. వానకి ముందు ఎండకి ఎండిపోయి ఉంటాది. అంతే."

కొందరికి ఇది రుచించలేదు. నాలుగు రోజులు ఊరిని ఆడించి ఇప్పుడు కాదంటాడా అన్నారు. బావాబావమరుదులు లోపల్లోపల రాజీ పడిపోయారని ఇంకొందరన్నారు. నాయుడు అందరినీ మాట్లాడనిచ్చి, అలిసిపోయాక చెప్పాడు. చచ్చినవాడు సాక్ష్యం చెప్పలేదు కాబట్టి పోతురాజు మీద మాట లేదన్నాడు. లేనిపోని మాట ఊళ్లోకి వదిలినందుకు బుధు ఒక మేకని కోసి అందరికీ పెట్టాలన్నాడు. ఇద్దరూ పక్కపక్కన కూచుని తినాలన్నాడు. బుధు సరేనన్నాడు. అంతటితో తీరిపోయిందనుకుని కూచోబోయాడు.

అప్పుడు లేచాడు పోతురాజు. ఇన్ని రోజులూ పదిమందిలో వినబడని గొంతు.

"ఒక్క మాట బావా. సోంబరే సెప్పినాడంటే నాను తట్టుకున్నాను. సచ్చినోడు, పడ్డ కోపంలో తప్పుగా అనుకున్నాడేమో, నా మీద ఏటో పెట్టుకున్నాడేమో అనుకున్నాను. ఏడిసినాను గూడా." ఆగాడు. "ఇప్పుడు సోంబరు కాదంతన్నావు. నీకు తెలిసిందే దానికి తెలుసంతన్నావు. అయితే ఆ మాట నీది. అందరికన్నా ముందు నా పేరే ఎందుకొచ్చింది నీకు?"

తీగ కాల్చేశావు కనక, అని చెప్పొచ్చు బుధు. కానీ అది జవాబు కాదని అతనికీ తెలుసు. బూడిద కెలకడానికి వెళ్లినప్పుడే ఆ పేరు లోపల ఉంది. అంతకుముందు ఎప్పట్నుంచి ఉందో, ఎందుకుందో అతను ఎంత వెతికినా దొరకలేదు. చెట్టు వాటా పోతురాజుకి ఉండటం తనకి ఎప్పుడైనా కంటగింపయిందా? తమ్ముడు తనకన్నా అతనితోనే ఎక్కువ తిరిగాడనా? ఏమో.

"తెలీదు బావా," అన్నాడు చివరికి.

"నాకూ తెలీదు," అన్నాడు పోతురాజు.

మేక కోశారు. ఊరంతా తింది. పోతురాజు వచ్చి, చెప్పినట్టే బుధు పక్కన కూచున్నాడు. యర్రమ్మ ఇద్దరికీ వడ్డించింది. పోతురాజు విస్తరి ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగాడు. బుధు ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాక అప్పుడు తన ముద్ద ఎత్తాడు. ప్రతి ముద్దకీ అంతే. పెద్దవాళ్లు చూసి చూడనట్టు ఊరుకున్నారు. బుధు ఆగకుండా తిన్నాడు. తను తినకపోతే అతనూ తినడు.

పోతురాజు భార్యాపిల్లలు తిరిగొచ్చారు. బావి దగ్గర మాటలు మామూలయ్యాయి. వానలు తగ్గి, చలి మొదలై, జీలుగు చెట్టు మళ్లీ కల్లుకి వచ్చింది. సోంబరు వాటా కల్లు దించి సత్యకుమారి ఇంటికి ఇవ్వడానికి పోతురాజే ఒప్పుకున్నాడు. కొత్త వెదురు, కొత్త తీగ వేశాడు. ఒకరోజు బుధు ఆ దారిన పోతూ, అతను పైన ఉండటం చూసి, అలవాటు కొద్దీ చెట్టు కిందికి వెళ్లి నిలబడ్డాడు. పైనుంచి పోతురాజు చాలాసేపు కిందికే చూశాడు.

"బావా, నాను దిగేదాకా ఎదురుబొంగు కాడ నిలబడకు. ఆ గట్టు మీదకెల్లు," అన్నాడు. కోపంగా అనలేదు. మర్యాదగానే అన్నాడు.

బుధు గట్టు మీదికి వెళ్లాడు. అక్కడ్నుంచి ఆగకుండా ఇంటికి వచ్చేశాడు.

ఆ సంగతి యర్రమ్మకి చెప్పలేదు. కానీ ఇంకెవరో ఇంకేదో ఆమెకి చెప్పారు. ఒకరోజు ముంచింగిపుట్టు సంత నుంచి బుధూ యర్రమ్మా ఏటవాలు దారిలో ఎక్కి వస్తున్నారు. ఆమె ముందు, అతను వెనక. ఆమె తల మీద గంపలో ఉప్పు, ఎండుచేపలు. ఆమె వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"పొలం పాకలో నా పేరు కూడా అన్నావంట. సత్య సెప్పింది."

"అన్నాను."

"ఏటి సేసినానని?"

బుధు కొంచెం ఆలోచించాడు. అబద్ధం చెప్పాలనిపించలేదు. "నువ్వు కోసినావని. నువ్వు గుర్తొచ్చినావు, పేరొచ్చేసింది. అంతే యర్రీ. దానికి అర్థం నేదు."

యర్రమ్మ అడుగు ఆపలేదు. గంప జారకుండా ఒక చేత్తో సర్దుకుని ఎక్కుతూనే ఉంది. మలుపు దగ్గర దారి సన్నబడుతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. అక్కడికొచ్చేసరికి ఆగి, కొండకి ఆనుకుని పక్కకి తప్పుకుంది.

"నువ్వు ముందు నడువు," అంది.

బుధు ఆమెని దాటి ముందుకెళ్లాడు. ఇల్లు వచ్చేదాకా వెనకనుంచి ఆమె అడుగుల చప్పుడు వింటూ నడిచాడు.